సునిమ్ వాళ్ళాయన

యోంగ్‌దుంగ్‌పోలో రైలుకట్టకి ఆనుకున్న సందులో ప్యోన్ దుసిక్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చప్పున చెప్పలేకపోయేవాళ్ళు. శాక్సఫోన్ మనిషి ఇల్లు అంటే మాత్రం సోయా జున్ను, అదే తోఫు, అమ్మే బండి ముసలామె దగ్గర్నుంచి బొగ్గుబిళ్ళలు మోసేవాళ్ళ దాకా అందరూ వేలు చూపించేవాళ్ళు. ఆ పేరంటే దుసిక్‌కి లోలోపల మురిపెం. తన పేరుకంటే అదే తనది అనుకునేవాడు.

సైన్యంలో చేరినప్పుడు ఊపిరితిత్తులు గట్టివని బ్యాండులో పడేశారు. బయటికొచ్చాక అమెరికా సైనికుల క్లబ్బుల్లో ఊదాడు, వాళ్ళు తగ్గిపోయాక క్యాబరేల్లో ఊదాడు. వయసులో సగానికి పైగా జనం డాన్సు చేయడానికి పనికొచ్చే పాటలే ఊదాడు. జంటలు ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించుకుని తిరుగుతుండేవి. అతనికి కనిపించేవన్నీ వీపులే. అన్నేళ్ళలో అతని వైపు ముఖం పెట్టి కూర్చుని విన్నవాడు ఒక్కడు లేడు. పాట కాస్త సాగదీస్తే మేనేజరు చెయ్యి ఊపి తొందరపెట్టేవాడు. చివరికి ఒక కుర్రాడు ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒకటి తెచ్చి మీటలు నొక్కితే అందులోంచి డ్రమ్ములూ బాకాలూ అన్నీ పలికాయి. ఆ వారమే బ్యాండు మొత్తాన్ని ఇంటికి పంపేశారు.

అప్పుడు దుసిక్‌కి యాభై దగ్గర పడుతోంది. డాబా మీద కిమ్చి ఊరగాయ జాడీల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఊదడం మొదలెట్టాడు. పాట కాదు. పాటలంటే అతనికి వెగటు పుట్టింది. ఒకే స్వరాన్ని పట్టుకుని, బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో పీల్చుకుంటూ, నాదం ఎక్కడా తెగకుండా లాగేవాడు. కాసేపటికి ఆ ఒక్క స్వరం చీలి దాని లోపల్నుంచి ఇంకోటి మూలిగేది. ఆ మూలుగు కోసమే కూర్చునేవాడు. ఒక్కోసారి ఊదకుండా మీటలు మాత్రమే టకటకలాడించేవాడు.

"ఏమయ్యోయ్, పైన పందిని కోస్తున్నావా?" అని కింది ఇంటి తాపీమేస్త్రి అరిచేవాడు.

"కోస్తున్నా. నీకు తలకాయ పంపనా?" అని దుసిక్ అనేవాడు.

పాత బ్యాండులో ట్రంపెట్ ఊదినవాడొకడు చెప్పగా సిన్‌చోన్‌లో చెప్పుల కొట్టు కింద ఉన్న నేలమాళిగ గురించి తెలిసింది. దాన్ని నడిపేది గుక్ తేజున్ అని ఒకప్పుడు నాటకాలకి లైట్లు వేసినవాడు. శనివారం సాయంత్రాలు అక్కడ పాటా పద్ధతీ లేని సంగీతం వినిపించేవాళ్ళు. ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చుని అప్పటికి ఏది తోస్తే అది వాయించాలి. ముందే అనుకుని రాకూడదు. మధ్యలో కిరసనాయిలు పొయ్యి, చుట్టూ నేలమీద దిండ్లు, ఆ దిండ్ల మీద కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు చిత్రకారులు, ఉద్యోగం లేని కవి ఒకాయన.

దుసిక్ మొదటిసారి అక్కడ ఊదిన రోజున కళ్ళు తెరిచి చూస్తే అన్నీ ముఖాలే కనిపించాయి. ఒక్క వీపు కూడా లేదు. అయిపోయాక తేజున్ వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "అన్నగారూ, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు మీరు?" అన్నాడు. బస్సులో ఇంటికొస్తూ దుసిక్ కిటికీ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

అది మొదలు శనివారమంటే అతనికి పండగే. చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. వాద్యం మూతికి బిగించే రెల్లు పీకలు నీళ్ళలో నానేసి ఒక్కొక్కటీ పెదవుల మధ్య పెట్టి పరీక్షించుకునేవాడు. బజారులో ఊరగాయ కూరలూ, కారం పెట్టిన పీతలూ అమ్ముకునే భార్య సునిమ్, వేళ్ళకి మిరపకారంతో వచ్చి, "పెళ్ళిచూపులా ఏంటి?" అని నవ్వేది.

సునిమ్ దక్షిణాన జిందో దీవి పిల్ల. వాళ్ళది చచ్చిపోయినవాళ్ళ ఆత్మలని కడిగి సాగనంపే పూజారిణుల వంశం. ఊళ్ళో ఎవరింట్లో చావొచ్చినా వాళ్ళే కావాలి. అయినా ఊళ్ళో పాలుతాగే పిల్లలు కూడా వాళ్ళని 'నువ్వు' అనే పిలిచేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి పాట, మగవాళ్ళకి వాద్యం. సునిమ్ తండ్రికి మగపిల్లలు పుట్టలేదు. చూసి చూసి నడుము సన్నని జాంగు డోలు తెచ్చి పెద్దకూతురు సునిమ్ ఒళ్ళో పెట్టాడు. ఆ పిల్ల పదేళ్ళకే తల్లి పక్కన కూర్చుని పూజల్లో వాయించింది.

దుసిక్ ఆమెని మొక్పోలో చేపల రేవు దగ్గర చూశాడు. చేసుకుంటే ఆమెనే చేసుకుంటానన్నాడు. కాకపోతే ఇంట్లో వలలు అమ్ముకునేవాళ్ళ పిల్ల అని చెప్పాడు. సునిమ్‌తో కూడా ఒక మాట తీసుకున్నాడు. జాంగు ముట్టుకోకూడదు, ఆ ఊసే ఎత్తకూడదు. సరేనంది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ, పోయాక కూడా, ఆ మాట దాటలేదు. కూతురు యోన్‌హీకి పెళ్ళయి ఇంచన్ వెళ్ళిపోయేదాకా వాళ్ళమ్మకి డోలు వాయించడం వచ్చని తెలీదు.

ఆ మాట దాటించింది చివరికి దుసిక్కే.

ఊపిరి మార్చుకునే చోట తన నాదం కింద ఏదైనా బరువైన మోత ఉంటే బాగుంటుందని అతనికి తోచింది. జేగంట అయితే సరిపోతుంది. తేజున్ దగ్గర ఒకటి మూలన పడుంది. ఎవరితో కొట్టించాలి? వేరే వాద్యగాణ్ణి పిలిస్తే వాడు తన గొడవ తను మొదలెడతాడు.

"ఏమే, శనివారం నాతో రా. నేను తల ఊపినప్పుడు జేగంట మీద ఒక్క దెబ్బ వెయ్యాలి. అంతే," అన్నాడు.

సునిమ్ ముల్లంగి తరుగుతూ ఆగింది. "ముట్టుకోవద్దన్నావుగా."

"అది మా అమ్మ ఉన్నప్పటి మాట."

"మీ అమ్మ పోయి ఎన్నాళ్ళయింది, యోన్‌హీ నాన్నా? ఈ మాట ఇవాళ చెబుతున్నావు."

"ఇప్పుడు చెప్పానుగా. వస్తావా రావా?"

వచ్చింది. బజారు గౌను మీద స్వెట్టరు వేసుకుని, పొయ్యికి దూరంగా జేగంట ముందు కూర్చుంది. తల ఊపినప్పుడల్లా ఒక్క దెబ్బ, చెప్పినట్టే. మధ్యలో దుసిక్‌కి దగ్గు అడ్డం పడింది. వాద్యం దించి నోరు తుడుచుకుంటున్నాడు. నాదం తెగిపోయి గదంతా బోసిపోయింది. అప్పుడు సునిమ్ జేగంటని అంచు మీద మెల్లగా తాకింది. ఇంకోసారి, ఇంకాస్త లోపలికి. ఆ మోత నేల మీద పాకుతూ వచ్చి కూర్చున్నవాళ్ళ మోకాళ్ళలోకి ఎక్కింది. దాన్ని అలా పెంచుతూ పోయి, కప్పు పగులుతుందేమో అనిపించేంత దాకా తెచ్చి, అరచేత్తో పట్టుకుని చంపేసింది.

దుసిక్ దగ్గు తగ్గింది. వాద్యం ఎత్తాడు. కానీ అతని వైపు ఎవరూ చూడటం లేదు.

అయ్యాక కాలేజీ పిల్లలు, "పిన్నీ, ఎక్కడ నేర్చుకున్నారు? పిన్నీ, ఇంకోసారి కొట్టరూ?" అని ఆమె చుట్టూ మూగారు. తేజున్ వచ్చి, "వదినగారూ, వచ్చే శనివారం మీరొక్కరే కాసేపు వాయిస్తారా?" అని అడిగాడు.

సునిమ్ మొగుడి వైపు చూసింది. అందరూ అతని వైపు చూశారు.

"వాయించమనండి. దానికేం," అన్నాడు దుసిక్, వాద్యం పెట్టెలో పెట్టుకుంటూ.

బస్సులో వాద్యం పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హాన్ నది వంతెన దాటాక, "జేగంట మోత కాస్త ఎక్కువైంది," అన్నాడు.

"అవునా," అంది సునిమ్. ఆమె నిద్రపోతోంది.

జిందో నించి తల్లి జాంగు పంపింది. తండ్రిదే అది. సునిమ్ దాన్ని ఇంట్లో వాయించలేదు. గుడ్డతో తుడిచి గోడకి ఆనించి, వంట చేసుకుంటూ అప్పుడప్పుడు దాని వైపు చూసేది. శనివారం నేలమాళిగలో ముందు కూర్చుని ఎడమ అరచేతిని ఒకవైపు తోలు మీద ఆనించింది. కుడిచేతిలో వెదురుపుల్ల. చాలాసేపు ఏమీ వాయించలేదు. తర్వాత మొదలెట్టింది.

దుసిక్ పొయ్యి పక్కన కూర్చున్నాడు. చెవులతో విన్నది తక్కువ. కళ్ళు మాత్రం జనాన్ని గాలిస్తూనే ఉన్నాయి. తను ఊదేటప్పుడు ఎప్పుడూ కునుకు తీసే కవి ముందుకు వంగి కూర్చున్నాడు. తన పాటలో నాలుగుసార్లయినా దగ్గే చిత్రకారుడు అసలు దగ్గడం లేదు. ఒక పిల్ల ఏడుస్తోంది. తను ఊదుతుంటే ఎవరు ఏడ్చారు? ఎవరైనా ఏడ్చారా? గుర్తు చేసుకోబోయాడు గానీ ఎవరూ గుర్తుకు రాలేదు.

దెబ్బల వరస ఒకటి పట్టి, అది అందరికీ అందుతోందనగా ఆమె చటుక్కున ఆపేసింది. చెయ్యి గాల్లో ఉంది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు. ఆ చెయ్యి గాల్లో ఉన్నంతసేపూ ఆమె ముఖం దుసిక్ తన కాపురంలో ఎన్నడూ చూడని ముఖంలా ఉంది. మన పెళ్ళినాడైనా ఇలా లేదే ఇది, అనుకున్నాడు. ఆమెని ఎవరో పరాయి మగాడితో చూసినట్టే అతని గుండె భగ్గుమంది.

ఇంటికొచ్చాక అన్నం తింటూ అడిగాడు. "మధ్యలో ఆపావే. అక్కడ ఏమనుకుని ఆపావు?"

"ఏమో. ఆకలేసింది."

"ఆకలేస్తే ఆపుతారా?"

"మరి నువ్వు ఎందుకు ఆపవు? ఊదుతూనే ఉంటావు. పులుసు పోసుకో, చల్లారిపోతోంది."

ఆ రాత్రి నుంచి దుసిక్‌కి సుఖం లేకుండా పోయింది. డాబా మీద ఊదుతూ ఉన్నట్టుండి ఆపి చూసేవాడు. ఆపితే కేవలం ఆగిపోయినట్టే ఉండేది. కింద తాపీమేస్త్రి, "చచ్చిందా?" అని అడిగేవాడు. సునిమ్ బజారు నించి ఆలస్యంగా వస్తే ఆ పిల్లలతో మాట్లాడుతోందేమో అనుకునేవాడు. ఆమె వేళ్ళు బల్ల మీద తాళం వేస్తే, "అన్నం దగ్గర ఏంటా గోల," అనేవాడు. ఆమె వేళ్ళు మడుచుకునేది. అది చూసి అతనికి ఇంకా మంట. తిరిగి ఒక మాట అన్నా బాగుండేది.

వసంతం వచ్చేసరికి తేజున్ తలుపు మీద చేత్తో రాసిన పోస్టర్ అంటించాడు. పైన పెద్ద అక్షరాల్లో 'ఛే సునిమ్, జాంగు' అని ఉంది. కింద చిన్నగా 'ప్యోన్ దుసిక్, శాక్సఫోన్' అని. దుసిక్ ఆ పోస్టర్ ముందు నిలబడి, పైనుంచి కిందికి అక్షరాలు చదివితే సగం దారిలో ఎవరైనా ఆగిపోతారేమో అని లెక్కకట్టాడు.

అదే రోజున ఒసాకా నించి ఒక పెద్దమనిషి వచ్చాడు. అక్కడ ఇలాంటి గదే నడుపుతాడట. తేజున్ అతనికి దుసిక్‌ని పరిచయం చేస్తూ, "వీరు సునిమ్ గారి భర్త. వీరూ వాయిస్తారు," అన్నాడు.

ఆ 'వీరూ'లో దీర్ఘం దుసిక్ చెవిలో చాలాసేపు మోగింది. శాక్సఫోన్ మనిషి పోయి సునిమ్ వాళ్ళాయన అయ్యాడు.

ఒసాకా ఆయన మళ్ళీ వారం కూడా ఉంటానన్నాడు. ఆ శనివారం సునిమ్ బజారులో కొట్టు కట్టేసి నేరుగా వస్తానంది. జాంగు తెచ్చే పని దుసిక్‌ది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జాంగు రెండు తోళ్ళనీ బిగించి పట్టే తాళ్ళ మీద తోలు బిగింపులుంటాయి, అవి అటూ ఇటూ జరుగుతాయి. దుసిక్ వాటిని ఒక్కొక్కటే వెనక్కి జరిపాడు. అంతటితో ఆగకుండా పెరట్లో బావి దగ్గర నీడన, నాచు పట్టిన రాతి మీద పెట్టి వచ్చాడు. సాయంత్రానికి తోళ్ళు తడిని పీల్చుకున్నాయి. బిగింపుల్ని మళ్ళీ ముందుకు లాగి చూసుకున్నాడు. పైకి ఏమీ తెలియడం లేదు. గుడ్డలో చుట్టి మోసుకెళ్ళాడు.

సునిమ్ మొదటి దెబ్బ వేసింది. జాంగు మోగలేదు. తడిగుడ్డ మీద చెప్పుతో కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆమె ఇంకో దెబ్బ వేసింది. అరచేతితో తోలు తడిమింది. ఒక వేలు బిగింపుల మీదుగా పోనిచ్చింది. తల ఎత్తి పొయ్యి వైపు చూసింది. దుసిక్ పొయ్యి వత్తి సరిచేస్తున్నట్టు వంగాడు.

ఏదో ఒకటి చేసి నెగ్గుకొస్తుందని అతను భయపడ్డాడు. ఆమె ఏమీ చేయలేదు. పుల్ల పక్కన పెట్టి, "ఇవాళ దీనికి ఒంట్లో బాగాలేదు. క్షమించండి," అని అందరికీ వంగి దణ్ణం పెట్టి లేచిపోయింది. జనం ఏం చేయాలో తెలీక చప్పట్లు కొట్టారు.

దుసిక్ లేచి ఊదాడు. బాగా ఊదాడు. ఒసాకా ఆయన తల ఊపుతూ విన్నాడు. కవి కునుకు తీయలేదు. అడిగిందంతా దొరికింది. కానీ మొదట్నించి చివరిదాకా నోట్లో రెల్లు పీకకి బావి రాతి మీద నాచు రుచే వచ్చింది.

ఇంటికొచ్చాక సునిమ్ దీపం కింద జాంగు పెట్టి తాళ్ళు విప్పడం మొదలెట్టింది. అరవలేదు.

"తోలు బిగింపులు వాటంతటవి జరగవు, యోన్‌హీ నాన్నా. మళ్ళీ ముందుకు లాగావు గానీ తాడు మీద పాత మరక పక్కకి పోయింది, చూసుకోలేదు నువ్వు."

అతను వాద్యం పెట్టె మూలన పెట్టాడు.

"వాయించొద్దంటే మానేసేదాన్నిగా. ఇన్నేళ్ళు మానలేదా? మా నాన్న డోలు. తడిలో పెట్టావే."

తప్పు ఒప్పుకోవలసిన చోట దుసిక్‌కి కోపం వచ్చింది. "ఆ గదిలోకి నిన్ను తీసుకెళ్ళింది ఎవరు? నేను కాదా? నేను లేకపోతే నువ్వు పీతల మీద కారం చల్లుకుంటూ ఉండేదానివి. దయ్యాలని తోలే కొంపలోంచి తెచ్చి మనిషిని చేశాను. ఇప్పుడు నా నెత్తినే కూర్చున్నావు."

సునిమ్ తాళ్ళు విప్పడం ఆపలేదు.

"అన్నావు కదా చివరికి," అంది. "ఎప్పుడంటావా అని చూస్తూనే ఉన్నాను పెళ్ళయిన కాణ్ణించీ."

మర్నాడు తెల్లవారగానే తోళ్ళు విప్పిన జాంగుని వీపుకి కట్టుకుని జిందో బస్సెక్కింది. అమ్మకి పూజ ఉంది, వాయించేవాళ్ళు లేరట, అని తోఫు బండి ముసలామెతో చెప్పింది. మొగుడితో అదీ చెప్పలేదు.

తర్వాత శనివారం దుసిక్ ఒక్కడే వెళ్ళాడు. మెట్లు దిగుతుండగానే కాలేజీ పిల్ల, "పిన్ని రాలేదా?" అంది. చిత్రకారుడు, "ఆవిడకి ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు. తేజున్ ఏమీ అడగలేదు. అడగకపోవడమే దుసిక్‌ని గుచ్చింది. ఊదాడు. ఎవరూ పోటీ లేరు. గది మొత్తం అతనిదే. అయినా జేగంట ఉన్న మూల వైపు జనం కళ్ళు మళ్ళుతూనే ఉన్నాయి. లేని మనిషి కూడా ఇలా తినేస్తుందా, అనుకున్నాడు.

ఇంకో వారానికి బ్రతిమాలడానికో, చూసి రావడానికో, తనకే తెలీకుండా బస్సెక్కాడు. శాక్సఫోన్ పెట్టె కూడా తీసుకెళ్ళాడు. దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళే అలవాటు లేదు. కొత్తగా కట్టిన వంతెన మీదుగా దీవిలోకి వెళ్ళి, సముద్రం ఒడ్డున పూజ జరుగుతున్న ఇంటికి మధ్యాహ్నం చేరాడు. పడవ తిరగబడి పోయిన జాలరి ఇల్లది. వాకిట్లో పందిరి, పెద్ద పాత్రల్లో అన్నం, పంది మాంసం, ఊరి జనం. చచ్చిపోయినవాడి భార్య మాసిన బట్టల్లో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తెల్లగుడ్డ పట్టుకుని దుసిక్ అత్తగారు పాడుతోంది. ఎనభై ఏళ్ళ ముసలిది, గొంతు మాత్రం సముద్రం అవతలి గట్టుకి వినపడేలా ఉంది. ఆమె పక్కన సునిమ్, ఒళ్ళో కొత్త తోళ్ళు వేసిన జాంగు.

సునిమ్ అతన్ని చూసింది. చెయ్యి తడబడలేదు.

దుసిక్ గోడ పక్కన నిలబడి విన్నాడు. ఇక్కడ ఆమె తనకి తోచినట్టు వాయించడం లేదు, అన్నీ తండ్రి నేర్పినవే. అయినా ఆ విధవ కాస్త కదిలితే దెబ్బ మారుతోంది. ముసలమ్మ గొంతు ఎక్కడ అలిసిపోతే అక్కడ జాంగు ఆమెని ఎత్తుకుంటోంది. చచ్చినవాడి తీరని దుఃఖాలకి గుర్తుగా ముడులు వేసిన తెల్లగుడ్డని ముసలమ్మ విదిలిస్తూ ఒక్కొక్క ముడీ విప్పింది. చివరి ముడి దగ్గర సునిమ్ ఆపేసింది. ఆ విధవ అప్పటిదాకా ఏడవలేదు. ఆ నిశ్శబ్దంలో నోరు తెరిచి ఒక్కసారి ఏడ్చింది.

ఊరంతా కళ్ళు తుడుచుకుంటోంది. దుసిక్ చూస్తూ, నేను పోతే నాకోసం ఇలా వాయిస్తుందా, అనుకున్నాడు. నాకోసం ఒక్కసారి ఇలా వాయించని మనిషి, ముక్కూ ముఖం తెలియని వాడికోసం వాయిస్తోంది. చచ్చిపోయిన జాలరి మీద అసూయ పుట్టింది. ఇది ఎంత సిగ్గుమాలిన పనో అతనికి తెలుసు. సిగ్గుపడుతూనే కుళ్ళిపోయాడు.

భోజనాలకి ఆపినప్పుడు అత్తగారు అతని దగ్గరికొచ్చి పక్కన చతికిలబడింది. కారంలో ముంచిన మాంసం ముక్క అతని పళ్ళెంలో వేసింది.

"ఆ ఇత్తడి బిందె తెచ్చినావుగా అల్లుడా. ఊదరాదూ?"

"ఇక్కడ ఎక్కడ అందుకోవాలో తెలీడం లేదత్తా."

"ఊఁ. దాని మీద కుళ్ళు పుట్టింది గదా నీకు?"

దుసిక్ ముక్క నమలడం ఆపాడు.

"మీ మామకీ అంతే. నేను పాడితే ఊరు ఏడ్చేది, ఆయన వాయిస్తే ఊరు పొగతాగేది. ఏడాదికో డోలు బద్దలు కొట్టేవాడు."

"మరి ఏం చేశావు?"

"నేనేం జేస్తా? ఇంకోటి కొనుక్కొచ్చేవాడు ఆయనే. తిను, చల్లారిపోద్ది."

సాయంత్రం పూజ ముగిశాక సునిమ్ సముద్రపు గోడ మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. దుసిక్ కాస్త దూరంలో కూర్చున్నాడు. నీళ్ళు వెనక్కి పోయి బురద మెరుస్తోంది.

"తోళ్ళు కొత్తవా?" అన్నాడు.

"పాతవి పనికిరాలేదు."

"నేనే చేశాను."

"తెలుసు."

"అన్న మాట కూడా... అది నోరు జారింది కాదు. అనాలనే అన్నాను. నొప్పి పుట్టాలని."

"పుట్టింది," అంది సునిమ్. కాళ్ళు ముడుచుకుని, "నేను వాయిస్తుంటే నీకు నిజంగా అంత కష్టంగా ఉంటుందా?" అని అడిగింది. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"ఉంటుంది. మానమని అనడం లేదు. మానితే అదో కష్టం."

"అయితే నన్నేం చేయమంటావు?"

ఆమే ఆలోచించి చెప్పింది. ఒక శనివారం అతనిది, ఒక శనివారం ఆమెది. కలిపి వాయించేది లేదు. ఒకే రోజు ఇద్దరూ వాయించేది లేదు. జాంగు ఆమే మోసుకుంటుంది.

"నీ శనివారం నేను రావచ్చా?" అన్నాడు.

"రా. పొయ్యి దగ్గర మాత్రం కూర్చోకు. నీ ముఖం కనబడుతుంది నాకు."

అలాగే జరిగింది. తేజున్ పోస్టర్లు విడివిడిగా రాయడం మొదలెట్టాడు. సునిమ్ వాయించే రోజున దుసిక్ మెట్ల పక్కన, స్తంభం వెనకాల కూర్చునేవాడు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు దగ్గడం లేదో చూడటం మానుకుందామనుకున్నాడు. మానలేకపోయాడు. మర్నాడు డాబా మీద ఆ కోపమంతా వాద్యంలో దింపేవాడు. ఆమె శనివారం బాగా జరిగిన వారం తర్వాత మీరు మహా అద్భుతంగా ఊదుతారు అన్నగారూ, అని తేజున్ ఒకసారి అన్నాడు. దుసిక్ అతనితో నెల్లాళ్ళు మాట్లాడలేదు.

సునిమ్‌ని ఒసాకా పిలిచారు. వెళ్ళింది. దుసిక్‌ని పిలవలేదు. ఆమె లేని ఆ రోజుల్లో అతను బజారులో కొట్టు చూసుకున్నాడు, పీతలకి ఉప్పు ఎక్కువేసి పాడుచేశాడు. బజారులో ఆడవాళ్ళు, "సునిమ్ వాళ్ళాయనా, మీ ఆవిడ విమానం ఎక్కిందటగా," అంటే, "ఎక్కితే ఎక్కింది, దిగాలిగా," అనేవాడు. తిరిగొచ్చాక అక్కడెలా జరిగిందని అడగలేదు. రెండో రోజున ఆగలేక అడిగాడు. జనం చప్పట్లు కొట్టలేదు, చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు, అని ఆమె చెప్పింది. అడక్కుండా ఉండాల్సింది, అనుకున్నాడు.

కొన్నేళ్ళు గడిచాయి. చలికాలాల్లో చల్లటి ఉప్పునీళ్ళలో పనిచేసి చేసి సునిమ్ మణికట్టు వాచింది. డాక్టరు కట్టు కట్టాడు, ఆకు వైద్యుడు సూదులు గుచ్చాడు. వెదురుపుల్ల పట్టుకుంటే వేళ్ళు నిలవడం లేదు. ఒక శనివారం జాంగు ముందు కూర్చుని, ఎడమ అరచేతితోనే కాస్త వాయించి, ఇక చాలనుకుని లేచింది. జాంగుని తేజున్ దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయికి ఇచ్చేసింది. బాధపడుతూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి పడుకుంది.

శనివారాలన్నీ దుసిక్‌వే అయ్యాయి. సునిమ్ చేతికి కట్టుతో వచ్చి ముందు వరసలో దిండు మీద కూర్చునేది. ఆ మొదటి శనివారం అతను చాలాసేపు ఊదాడు. జనం విన్నారు, తలలూపారు. బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. నది మీదికి వచ్చాక అతను ఆగలేకపోయాడు.

"ఎలా ఉంది?"

సునిమ్ కిటికీలోంచి చూస్తోంది. "బాగుంది."

"బాగుంది అంటే?"

"సన్నగా చీలిపోయి, రెండు గొంతులు పలికిన చోటు ఉంది చూడు. అక్కడ ఆపాల్సింది నువ్వు. నేనైతే ఆపేసేదాన్ని."

దుసిక్ వారమంతా డాబా మీద ఆ చోటు వెతుక్కున్నాడు. ఆమె చెప్పింది నిజమేనని రెండో రోజుకే తెలిసిపోయింది. తెలిసినందుకు అన్నం సయించలేదు.

శనివారం వచ్చింది. ఊదుతూ ఊదుతూ ఆ చోటికి చేరాడు. స్వరం చీలింది, రెండో గొంతు లోపల్నుంచి లేచింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా సునిమ్, ఇప్పుడు ఆపుతావా అన్నట్టు చూస్తోంది. ఆపాలని అతనికి ఒళ్ళంతా అనిపించింది. బుగ్గల నిండా గాలి నింపుకుని, ఆపకుండా ఊదుకుంటూ పోయాడు.